సిరిమానుకి చుట్టాలందరూ దిగుతున్నారా? ఇంటికో ఎకౌంటు పెట్టి పేర్లు ఇలా ఎక్కించండి

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం (పొడుగాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు) అంటే ఎవరింట్లో చూసినా చుట్టాలే. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్లు, ఆ రెండ్రోజులకి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, భిలాయ్, ఖరగ్‌పూర్ నుంచి కూడా మనవాళ్లు దిగిపోతారు. శ్రీకాకుళం వైపైతే ఊరి గ్రామదేవత సంబరాలు, కొన్నేళ్లకోసారి వస్తాయి కాబట్టి ఆడపడుచుల్ని కన్నవారింటికి పిలవకపోతే తర్వాత సంబరం దాకా ఆ మాట పడుతూనే ఉండాలి. పిలవడం పెద్దవాళ్లు పిలిచేస్తారు, ఫోన్లో రెండు నిమిషాల పని. ఎంతమంది వస్తున్నారు, ఏ రైలు, ఎక్కడ పడుకుంటారు, ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఈ లెక్కంతా మాత్రం ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్ల మీద పడుతుంది. ఆ పిల్ల కోసమే ఈ రాత, పిల్లోడైనా పర్లేదు.

ముందే చెప్పేస్తున్నా, మొత్తం పద్ధతి ఒక్క ముక్కలో ఉంది. ఇంటికి ఒక్కరే బాధ్యులు, ఒక్క ఫోన్ నంబరు, ఒక్క ఎకౌంటు (రైలు టికెట్లు తీసే ఐడీ), కానీ లెక్క మాత్రం మనిషికొక వరస. "రాజాం పిన్ని వాళ్లు వస్తారు" అని రాసుకుంటే అది లెక్క కాదు, పిన్ని వాళ్లంటే ఇద్దరా, ఏడుగురా? వంటాయన ఇళ్లెన్ని అని అడగడు, విస్తర్లెన్ని అని అడుగుతాడు. రైల్వే వాడికీ అంతే, లాడ్జి వాడికీ అంతే. మన రేషన్ కార్డు ఎలా ఉంటుందో అలాగే అనుకోండి, కార్డు ఇంటికొకటి, లోపల పేరు పేరుకీ వయసు, వరస.

చాలామంది చేసేదేంటంటే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక పోల్ పెట్టేస్తారు, "ఎవరెవరు వస్తున్నారు" అని. దయచేసి పెట్టకండి. పోల్‌లో ఓటు ఫోనుకి పడుతుంది, మనిషికి పడదు. కీప్యాడ్ ఫోన్ వాడే తాతగారికి ఓటు లేదు, పిల్లలకి లేదు, బావగారు అక్కయ్య ఇద్దరూ గ్రూపులో ఉంటే ఆ ఇంటికి రెండు ఓట్లు పడతాయి, వచ్చేది ఐదుగురు. పైగా పెదనాన్న పొరపాటున "రావట్లేదు" నొక్కితే దాని మీద రెండు రోజులు చర్చ.

ఇల్లు అంటే ఎక్కడిదాకా అన్నది తేల్చుకోండి ముందు

అసలు కష్టం ఇక్కడే ఉంది, టెక్నాలజీలో కాదు. పెళ్లయిన ఆడపిల్ల ఎవరి లెక్కలోకి వస్తుంది? వాళ్ల నాన్న తన పేరు కింద రాస్తాడు, మొగుడు తన పేరు కింద రాస్తాడు, మీ షీటులో ఆ అమ్మాయి ఇద్దరైపోతుంది, వెంట ఉన్న పిల్లలు నలుగురైపోతారు. హాస్టల్లో చదువుకుంటున్న కుర్రాడు? కొడుకు దగ్గర ఆర్నెల్లు, కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండే మామ్మ? ఒకే ఇంటిపేరు, ఒకే డాబా, కింద అన్న పైన తమ్ముడు, వంటలు వేరు, వాళ్లు ఒక ఇల్లా రెండిళ్లా?

సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ (ఎవరు ఏ ఇంటి కిందకి వస్తారో రాసేది) గొడవ చూసినవాళ్లకి ఇదేం కొత్త కాదు, స్ప్లిట్ చెయ్యమని ఒకడు, కలపమని ఒకడు. మనకి మాత్రం అంత అక్కర్లేదు, ఎందుకంటే ఇది పథకం కాదు, పండగ. నా లెక్క ఇది: మనిషి పండక్కి ఏ ఇంటి నుంచి బయల్దేరుతున్నారో ఆ ఇంటి కింద రాయండి, ఒక్కో ఇంటికీ 1, 2, 3 అని మీరే ఒక నంబరు ఇచ్చుకోండి. ఇంటిపేరు చూడకండి, ఆధార్‌లో ఉన్న అడ్రసు చూడకండి, ఆస్తి పంపకాలు అసలే చూడకండి. పుణెలో ఉద్యోగం చేసే తమ్ముడు నేరుగా పుణె నుంచి వస్తే వాడొక్కడే ఒక ఇల్లు. ముందు హైదరాబాద్ వచ్చి అక్క వాళ్లతో కలిసి రైలెక్కితే అక్క ఇంట్లో మనిషి. మామ్మ ఈ దసరాకి ఎవరి దగ్గరుంటే వాళ్ల ఇంట్లో. ఈ ఒక్క రూలు గ్రూపులో ముందే పెట్టేస్తే డబుల్ పేర్లు చాలావరకు రావు.

అయినా వస్తాయి. అందుకని పెళ్లయిన ఆడపిల్లలందరి పేర్ల పక్కన "కన్నవారిల్లు" అని ఒక గడి పెట్టుకోండి, అందులో వాళ్ల పుట్టింటి నంబరు వెయ్యండి. అప్పుడు రెండు చోట్లా పేరు ఉంటే దొరికిపోతుంది, ఇంకో లాభం ఏంటంటే చీర జాకెట్టు ముక్క పెట్టే రోజున అమ్మ అడిగే మొదటి లిస్టు అదే.

ఇంటి పెద్ద వేరు, ఫోన్ ఎత్తేవాళ్లు వేరు

ఎకౌంటు ఎవరి పేరున పెట్టాలి? వయసు చూసి పెట్టకండి. ఆ ఇంట్లో ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు, ఓటీపీ వస్తే చూసి చెప్పగలిగేది ఎవరు, అది చూసి పెట్టండి. చాలా ఇళ్లల్లో అది కోడలు, లేకపోతే డిగ్రీ చదివే కూతురు. అయితే ఇక్కడో చిక్కు, లిస్టులో మొదటి పేరు మనవరాలిది కనిపిస్తే పెదనాన్నగారు "అయితే మా ఇంటికి పెద్ద నాను కానన్నమాట" అని మొహం ముడుచుకుంటారు. అందుకే గడులు రెండు పెట్టండి. "ఇంటి పెద్ద" అని ఒకటి, "ఫోన్" అని ఒకటి. మొదటి దాంట్లో పెదనాన్న పేరు గారు పెట్టి మరీ రాయండి, రెండో దాంట్లో ఆ అమ్మాయి నంబరు. పిలుపు పెదనాన్నకి, మెసేజ్ ఆ అమ్మాయికి. ఇది చిన్న విషయంలా ఉంది కానీ నేను చూసిన గొడవల్లో సగం దీని దగ్గరే మొదలయ్యాయి.

ఒక్కరే ఉండే పెద్దవాళ్లు ఉంటారు, స్మార్ట్ ఫోన్ ఉండదు, ఉన్నా పాటలు వినడానికే. "ఏటమ్మా ఈ లింకు, నాకేటి తెలుస్తాది" అంటారు, నిజమే కదా. వాళ్లని దగ్గర్లో ఉన్న ఇంకో ఇంటి ఎకౌంటుకి తగిలించండి, కానీ ఇంటి నంబరు మాత్రం వాళ్లకి వేరే ఇవ్వండి. బాధ్యత 4వ ఇంటి వాళ్లది, మనిషి 9వ ఇల్లు, అలా. లేకపోతే 4వ ఇంటి వాళ్లు చివర్లో మానేస్తే ఆ పెద్దావిడ పేరు కూడా వాళ్లతో పాటు కొట్టేస్తారు, ఆవిడ పాపం సంచీ సర్దుకుని కూర్చుని ఉంటుంది.

ఈ ఫోన్ గడిలో ఉన్నవాళ్లతో చిన్న గ్రూపు ఒకటి వేరే పెట్టుకోండి. పెద్ద గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు, ముత్యాల్లాంటి మాటలు నడుస్తూ ఉంటాయి, అందులో రైలు టైము పెడితే పది నిమిషాల్లో కొట్టుకుపోతుంది. పని మాటలన్నీ చిన్న గ్రూపులో, ఇంటికి ఒక్కరు మాత్రమే, వాళ్లు తమ ఇంట్లో వాళ్లకి చెప్పుకుంటారు.

షీటు ఎలా కట్టాలి

గూగుల్ ఫారం పంపొచ్చు కదా అంటారు. పంపొచ్చు, కానీ గూగుల్ ఫారంలో "ఇంకో మనిషిని యాడ్ చెయ్యి" అని బటన్ ఉండదు. ఏడుగురున్న ఇల్లు ఏడుసార్లు నింపాలి, లేదా మీరే ఏడుగురికి సరిపడా ప్రశ్నలు పెట్టాలి, అప్పుడు ఇద్దరే ఉన్న ఇంటివాళ్లు ఆ పొడుగు చూసి మూసేస్తారు. నా మాట వింటే ఫారం వద్దు, వాట్సాప్‌లో ఒక నమూనా మెసేజ్ పెట్టండి, వాళ్లు అలాగే టైప్ చేసి పంపుతారు, లేదా వాయిస్ పంపుతారు, మీరు కూర్చుని గూగుల్ షీటులో ఎక్కించండి. మీకు పని ఎక్కువే, కానీ తప్పులు తక్కువ.

నమూనా ఇలా పెట్టండి, ఉత్త ఖాళీలు పెడితే ఎవరికీ అర్థం కాదు, నింపిన మెసేజే చూపించాలి:

ఇల్లు 6, రాజాం పిన్ని వాళ్లు
ఆధార్‌లో పేరు సింహాచలం, పిలిచేది చిన్నబాబు, మగ, 63, చిన్నాన్న, మెట్లు ఎక్కలేరు
ఆధార్‌లో పేరు వరలక్ష్మి, పిలిచేది లక్ష్మి, ఆడ, 57, పిన్ని, శనివారం నీసు తినదు
ఆధార్‌లో పేరు పైడిరాజు, పిలిచేది రాజు, మగ, 31, వాళ్లబ్బాయి, విడిగా బైక్ మీద వస్తాడు

మగ, ఆడ అని ఎందుకు రాయమంటున్నానో మన జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు, సింహాచలం అంటే అబ్బాయీ కావచ్చు అమ్మాయీ కావచ్చు, పైడితల్లి అని మగవాళ్లకీ పేరుంటుంది. బయట పుట్టి పెరిగిన మేనల్లుడు టికెట్లు బుక్ చేస్తుంటే సింహాచలం చిన్నాన్నని ఆడ అని కొట్టేస్తాడు. ఇంక పేరు రెండు రకాలుగా ఎందుకంటే, బుజ్జి, చిన్ని, పెద్దోడు అని ప్రతి ఇంట్లో ఒకరుంటారు, టికెట్ మీద బుజ్జి అని కొడితే టీసీ ఒప్పుకోడు. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలస్వామి ఎంతమంది ఉంటారో లెక్కే లేదు, అందుకే పేరు పక్కన ఇంటి నంబరు తప్పనిసరి.

షీటులో ఒక వరసకి ఒక మనిషి, ఇది మాత్రం తప్పకండి. ఒకే గడిలో "అమ్మ, నాన్న, చెల్లి" అని ఇరికించొద్దు, అలా రాస్తే కూడడం కుదరదు. ఇంటి నంబరు, ఆధార్ పేరు, పిలుపు పేరు, ఆడ మగ, వయసు, వరస, కన్నవారిల్లు, వచ్చే రోజు, వచ్చే రైలు లేదా బస్సు, దిగే స్టేషన్, వెళ్లే రోజు, తిండి, ఆరోగ్యం, గది. వస్తున్నారా అన్న గడిలో మూడే మాటలు ఉంచండి: ఖాయం, చూడాలి, రారు. "ట్రై చేస్తాం", "దేవుడి దయ" లాంటివన్నీ చూడాలి కిందకే. కౌంటిఫ్ అనే ఫార్ములా ఒక్కటి వస్తే చాలు, ఖాయం ఎంతమంది, సోమవారం రాత్రికి ఎంతమంది, పిల్లలెంతమంది అన్నీ దానంతటదే చెప్పేస్తుంది. పూటపూటకీ గడి పెట్టుకోవడం ఇంకా మంచిది, ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున్న, మధ్యాహ్నం, అలా, వస్తే 1 వెయ్యండి, కింద కూడితే విస్తర్ల లెక్క.

షీటు లింకు అందరికీ ఇవ్వాలా? ఇవ్వండి, చూడ్డానికి మాత్రమే. మార్చే పర్మిషన్ మీకూ ఇంకొక్కరికీ చాలు. అందరికీ ఎడిట్ ఇస్తే ఎవరో ఫోన్లో వేలు తగిలి ఒక వరస చెరిపేస్తారు, చెరిపినట్టు వాళ్లకీ తెలీదు. ఒకవేళ అలా జరిగినా కంగారు పడకండి, వెర్షన్ హిస్టరీలోకి వెళ్తే నిన్నటి షీటు దొరుకుతుంది. ఆరోగ్యం గడి మాత్రం అందరికీ కనిపించే షీటులో ఉంచొద్దు, వేరే ఫైల్లో పెట్టుకోండి, ఎవరికి ఏ జబ్బుందో ఊరందరికీ ఎందుకు.

ఆరోగ్యం దగ్గర ఒక మాట. ఉద్దానం వైపు చుట్టాలున్న ఇళ్లల్లో కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఎవరో ఒకరుంటారు, డయాలసిస్ చేయించుకునేవాళ్లకి వారంలో రెండు మూడు రోజులు అది తప్పదు. వాళ్లని "వస్తారా రారా" అని అడక్కండి, వారంలో ఏయే రోజులు డయాలసిస్ అని అడగండి, దాన్ని బట్టి ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్లాలో మీరే లెక్క వేసి చెప్పండి. వంటలో కూడా ఉప్పు తక్కువ గిన్నె ఒకటి పక్కన తీయించాలి, ఎంతమందికో ముందే తెలిస్తే వంటాయనకి పెద్ద పనేం కాదు.

రైలు టికెట్లు: ఒక ఐడీ, ఇంట్లో అందరూ

ఇక్కడ అసలైన ఒక్క ఎకౌంటు పని. ఐఆర్‌సీటీసీలో ఒక ఐడీ ఉంటే ఇంట్లో అందరికీ ప్రతివాడికీ ఐడీ అక్కర్లేదు. ప్రొఫైల్లో మాస్టర్ లిస్ట్ అని ఉంటుంది, అందులో ఇంట్లోవాళ్ల పేర్లు, వయసు, ఆడ మగ, ఏ బెర్తు ఇష్టం, ఇవన్నీ ముందే ఎక్కించి పెట్టుకుంటే బుకింగ్ రోజున టైప్ చేసే పని ఉండదు, టిక్ కొట్టుకుంటూ పోవడమే. ఎకౌంటుకి ఆధార్ కూడా ముందే లింకు చేసుకోండి, ఇప్పుడు తత్కాల్‌కి ఆధార్ తప్పనిసరి అయిపోయింది, మామూలు బుకింగ్ తెరిచిన మొదటి రోజు కూడా ఆధార్ ఉన్న ఐడీలకే అవకాశం. బుకింగ్ రోజు పొద్దున్న కూర్చుని లింకు చేద్దాం అనుకుంటే ఓటీపీలతోనే సరిపోతుంది, ఈలోపు సీట్లు అయిపోతాయి.

లెక్కలు గుర్తు పెట్టుకోండి. ఒక టికెట్ మీద 6గురు, తత్కాల్లో 4గురు. ఒక ఐడీ మీద నెలకి 12 టికెట్లు, ఆధార్ లింకు ఉంటే 24. చుట్టాలకి మన ఐడీతో తీయొచ్చా, ఇంటిపేరు వేరైతే కేసు పెడతారట కదా అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరిగింది, అది తప్పని రైల్వే వాళ్లే 2024లో చెప్పారు, బంధువులకీ స్నేహితులకీ తీయొచ్చు. అమ్మకానికి తీయకూడదు, అది రైల్వే చట్టం 143 సెక్షన్ కిందకి వస్తుంది. కాబట్టి టికెట్‌కి ఎంతైతే అంతే తీసుకోండి, "సర్వీసు ఛార్జి" అని సరదాకి కూడా వంద రూపాయలు కలపకండి.

బుకింగ్ 60 రోజుల ముందు, పొద్దున్న 8కి తెరుస్తారు. 2025లో దసరా అక్టోబర్ 2, సిరిమాను అక్టోబర్ 7, ఆదివారం అక్టోబర్ 5న బయల్దేరాలంటే ఆగస్టు 6న కూర్చోవాల్సి వచ్చిందన్నమాట, అప్పటికి ఇంకా వినాయక చవితి కూడా రాలేదు, అంత ముందు ఎవరు నిర్ణయించుకుంటారు అంటారు మీ వాళ్లు. నిర్ణయించుకోవాలి మరి. ఇంకోటి, ఆ 60 రోజులు రైలు మొదట బయల్దేరే స్టేషన్ నుంచి లెక్క, మన ఊరికి మర్నాడు వచ్చే రైలైతే ఒక రోజు తేడా వస్తుంది, తిరుగు టికెట్లకి ఇది చూసుకోండి.

దిగే స్టేషన్ కూడా ఇంటింటికీ చెప్పాల్సిందే. హైదరాబాద్ వైపు నుంచి ఫలక్‌నుమా, విశాఖ, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు విజయనగరంలోనూ ఆగుతాయి, శ్రీకాకుళం రోడ్‌లోనూ ఆగుతాయి. బెంగళూరు నుంచి ప్రశాంతి ఉంది. భిలాయ్, రాయ్‌పూర్ వాళ్లు రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం వచ్చేస్తారు. హైదరాబాద్ వైపు నుంచి గోదావరిలోనో వందేభారత్‌లోనో వచ్చేవాళ్లు విశాఖపట్నంలో దిగాలి, అక్కడి నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు, వాళ్లకి బస్సో కారో వేరే లెక్క. శ్రీకాకుళం అని వెతికే కొత్త కోడళ్లకి చెప్పండి, స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, ఉండేది ఆమదాలవలసలో, టౌన్‌లో కాదు.

ఆరుగురినీ ఒకే టికెట్ మీద పెట్టేస్తే బాగుంటుంది అనిపిస్తుంది, పెద్దవాళ్లు ఉంటే మాత్రం అలా చెయ్యకండి. కింద బెర్తు కోటా 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి ఉంది, కానీ టికెట్ మీద ఒక్కరే లేదా అలాంటి ఇద్దరే ఉంటేనే పనిచేస్తుంది. తాతగారితో పాటు పాతికేళ్ల మనవడి పేరు కూడా అదే టికెట్‌లో పెడితే కోటా పోయినట్టే. కాబట్టి తాత, మామ్మ ఒక టికెట్, మిగతావాళ్లు ఇంకో టికెట్, ట్రైను ఒకటే ఉండాలి. బోగీ వేరైనా పర్లేదు, పై బెర్తు ఎక్కడం కంటే నయం. పెద్దవాళ్లకి టికెట్ తగ్గింపు ఏమైంది అని అడుగుతారు, 2020 మార్చి నుంచి ఆపేశారు, మీ తప్పు కాదని చెప్పండి. పిల్లలకి 5 ఏళ్ల లోపు టికెట్ అక్కర్లేదు, 5 నుంచి 12 లోపు బెర్తు వద్దంటే సగం, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. వాళ్లమ్మ పక్కన పడుకుంటాడు అని చెప్పే పదకొండేళ్ల పిల్లోడిని ఒకసారి చూసి డిసైడ్ చెయ్యండి.

టికెట్ డబ్బులు ఎవరి బ్యాంకు నుంచి కట్టారో కాన్సిల్ చేస్తే రిఫండ్ అక్కడికే వస్తుంది. అందుకే షీటులో టికెట్ పక్కన "కట్టింది ఎవరు" అని రాయండి. ఆరుగురిలో ఒక్కరు మానేస్తే ఆ ఒక్కరినే కాన్సిల్ చేయొచ్చు, మొత్తం టికెట్ తీసేయక్కర్లేదు. ఆ బెర్తు వేరే ఇంట్లో మనిషికి ఇచ్చేద్దాం అంటే కుదరదు, అమ్మ నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, భార్యాభర్తలు, వీళ్ల మధ్యే పేరు మార్చుతారు, అదీ 24 గంటల ముందే, రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్లి. బావమరిదికి బావగారి టికెట్ పనికిరాదు. వెయిటింగ్ లిస్టులోనే మొత్తం ఉండిపోయిన ఇ-టికెట్ చార్ట్ అయ్యాక దానంతటదే కాన్సిల్ అవుతుంది, "ఎక్కేద్దాం లే" అనుకునే తమ్ముళ్లకి ఇది గట్టిగా చెప్పండి.

పాస్‌వర్డు సంగతి. మీ ఐఆర్‌సీటీసీ పాస్‌వర్డు పది ఇళ్లకి పంచిపెట్టొద్దు. ప్రతి ఇంటికీ వాళ్ల బాధ్యుల ఐడీ, వాళ్ల మాస్టర్ లిస్ట్, వాళ్ల టికెట్లు. మీ దగ్గరికి రావాల్సింది పీఎన్ఆర్ నంబరు, కోచ్, బెర్తు మాత్రమే. ఎవరికీ చేతకాని రెండు మూడు ఇళ్లకే మీ ఐడీతో తియ్యండి. ఓటీపీ కుటుంబం గ్రూపులో పెట్టడం అయితే అసలు వద్దు, ఫోన్ చేసి చెప్పించుకోండి. ఆధార్ కార్డు ఫోటోలు కూడా గ్రూపులో పెట్టేస్తుంటారు, చూడగానే డిలీట్ చేయించండి, టికెట్‌కి పేరు వయసు చాలు. లాడ్జిలో కాపీ అడిగితే ఎవరిది వాళ్లు అక్కడే చూపించుకుంటారు, మాస్క్‌డ్ ఆధార్ (చివరి నాలుగు అంకెలే కనిపించేది) డౌన్‌లోడ్ చేసి ఉంచుకోమనండి.

డబ్బులు

వంతులు ఇంటికా, మనిషికా? దీని మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లున్నాయి. నా అభిప్రాయం తిండికి మనిషి లెక్క, మండపం, టెంటు, జనరేటర్‌కి ఇంటి లెక్క. పిల్లలు పదేళ్ల లోపు వదిలెయ్యండి, వాళ్లేం తింటారు, ఐస్‌క్రీమ్ తప్ప. అమ్మవారికి ఇచ్చేది ఇందులో కలపొద్దు, అది ఎవరి మొక్కు వాళ్లది.

యూపీఐలో ఒకరి దగ్గర్నుంచి ఒకరికి డబ్బు అడిగే రిక్వెస్టులు 2025 అక్టోబర్ నుంచి ఆపేశారు, కాబట్టి మీ క్యూఆర్ కోడ్ చిన్న గ్రూపులో పెట్టి, నోట్‌లో ఇంటి నంబరు రాయమనండి, "ఇల్లు 6" అని. లేకపోతే స్టేట్‌మెంట్‌లో అప్పలరాజులు అందరూ ఒకేలా కనిపిస్తారు. కట్టేది ఇంటి బాధ్యులు ఒక్కరే, ఇంట్లో వాళ్లు వాళ్లలో వాళ్లు చూసుకోవాలి.

ఖర్చు పెట్టేటప్పుడు యూపీఐ సర్కిల్ అని ఒకటుంది, ఈ పనికి భలే పనికొస్తుంది. మీ బ్యాంకు ఎకౌంటు మీద ఇంకొకరు చెల్లింపులు చేసేలా మీరు వాళ్లని చేర్చుకోవచ్చు, అలా 5గురిదాకా. పూర్తిగా వదిలేస్తే నెలకి 15,000 దాకా, ఒక్కసారికి 5,000 దాకా వాళ్లే కట్టేస్తారు, లేదంటే ప్రతి చెల్లింపుకీ మీరు పిన్ కొడితేనే వెళ్లేలా పెట్టుకోవచ్చు. కూరగాయలకి మార్కెట్‌కి వెళ్లే తమ్ముడికి మొదటిది, డెకరేషన్ అంటూ తిరిగే తమ్ముడికి రెండోది. పండగ అయిన మర్నాడు తీసెయ్యడం మర్చిపోకండి.

గదులు, ఆ రెండు రోజులు

సిరిమాను రోజుల్లో మూడు లాంతర్లు, కోట చుట్టుపక్కల లాడ్జిల్లో ఖాళీ దొరకడం కష్టం, రైళ్లతో పాటే గదులు కూడా చూసుకోవాలి. గది ఇంటి నంబరుకే ఇవ్వండి, ఆడవాళ్లందరూ ఒక చోట మగవాళ్లందరూ ఒక చోట అని కలిపేస్తే పసిపిల్ల ఉన్న ఇంటికి రాత్రంతా నరకం. మెట్లు ఎక్కలేనివాళ్లు కింద, వాళ్లతో పాటు వాళ్లింటి బాధ్యులు కూడా కింద. మిగతాది మీరు ఎంత ప్లాన్ చేసినా అక్కడికొచ్చాక పిన్నులందరూ కలిసి ఒకే గదిలో చేరి తెల్లవార్లూ మాట్లాడుకుంటారు, దాని జోలికి పోకండి.

మంగళవారం మధ్యాహ్నం నుంచి రోడ్డు మీద జనం ఎలా ఉంటారో తెలిసిందే. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల వెనక సిరిమాను, అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, అప్పటికి ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. కాబట్టి షీటు ఫోన్లో ఆఫ్‌లైన్‌లో ఉంచుకోండి, ఇంటింటి బాధ్యుల నంబర్లు ఒక కాగితం మీద ప్రింటు తీసి నలుగురి జేబుల్లో పెట్టండి. చిన్నపిల్లల జేబులో ఇంటి నంబరు కాదు, ఫోన్ నంబరు రాసిన చీటీ. ఇంటికొచ్చాక బాధ్యులు తమ ఇంట్లో వాళ్లని లెక్క పెట్టుకుని చిన్న గ్రూపులో "ఇల్లు 6 అందరూ వచ్చేశాం" అని పెట్టాలి, అన్ని ఇళ్లూ వచ్చేదాకా మీరు చెప్పులు విప్పొద్దు.

ఫోటోలకి గూగుల్ ఫోటోస్‌లో ఒక షేర్డ్ ఆల్బమ్ పెట్టి లింకు ఇవ్వండి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో క్వాలిటీ పోతుంది.

అందరూ వెళ్లిపోయాక ఒక గంట కూర్చోండి. ఎవరెవరు నిజంగా వచ్చారో షీటులో టిక్ పెట్టి, మిగిలిన డబ్బు ఇంటి నంబరు ప్రకారం వెనక్కి వేసేసి, లెక్క కాగితం ఫోటో తీసి చిన్న గ్రూపులో పెట్టండి, పెద్ద గ్రూపులో వద్దు, అక్కడ పెడితే గ్యాస్ సిలిండర్ రేటు మీద మళ్లీ మొదలవుతుంది. మీ ఐఆర్‌సీటీసీ మాస్టర్ లిస్ట్‌లోంచి ఇతర ఇళ్ల పేర్లు తీసేయండి. షీటు ఒక కాపీ దాచుకుని లింకు షేరింగ్ ఆపేయండి, ఆరోగ్యం ఫైలు మాత్రం దాచొద్దు, చెరిపేయండి. ఎవరైనా వద్దన్నా పంపిన ఆధార్ ఫోటోలు కూడా తీసేయండి, చాట్‌లోవి, గ్యాలరీలోవి, ట్రాష్‌లో పడి ఉన్నవి కూడా.